చిన్న సినిమాకీ ఒక చిరునామా కావాలి

పోయిన వేసవిలో మా అన్నయ్య కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి పలాస వైపు వెళ్ళి ఒక సినిమా తీశారు, జీడి ఫ్యాక్టరీలో పనిచేసే తల్లీకూతుళ్ళ కథ. సినిమా పూర్తయింది, చేతిలో ఉన్న డబ్బులూ అయిపోయాయి. "బాబాయ్, మీ ఊళ్ళో ఒక షో వేయగలమా?" అని అడిగాడు. వెబ్‌సైట్ లింక్ పంపించరా, ఇక్కడి మన ప్రవాస తెలుగు సంఘంలో వాళ్ళకి చూపిస్తాను అన్నాను. "వెబ్‌సైట్ ఎందుకు బాబాయ్, ఇన్‌స్టా పేజీ ఉంది కదా!"

ఆ పేజీ అంతా చూశాను. కొబ్బరికాయ కొట్టిన ఫొటోలు, షూటింగ్‌లో భోజనాలు, ఎవరెవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు, మధ్యలో ఎక్కడో టీజర్. సినిమా నిడివి ఎంత, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయా, పిల్లలతో కూర్చుని చూడొచ్చా, షో వేయాలంటే ఎవరిని అడగాలి? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఇక్కడ హాలు బుక్ చేసేవాళ్ళు మొదట అడిగేవి ఇవే.

మా వాడికి చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను. పెద్ద సినిమాకి వెబ్‌సైట్ లేకపోయినా నడిచిపోతుంది, దానికి టీవీలున్నాయి, ఇంటర్వ్యూలున్నాయి, ఊరూరా కటౌట్లున్నాయి. చిన్న సినిమాకి మాత్రం సొంత చిరునామా అంటూ లేకపోతే, దాని గురించి ఎవరో చెప్పగా విని ఆసక్తిగా వెతికినవాళ్ళు కూడా దాని దగ్గరికి చేరలేరు. ఆ చిరునామా ఇవ్వడం మన చేతిలో పని. మన సంఘంలో ఇంటికొకరైనా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాం కదా.

మూడు శనివారాలు కూర్చుని నేనే ఆ సైట్ చేశాను. వాళ్ళు పంపిన మొదటి డిజైన్‌లో హీరో మొహం పేజీ నిండా ఉంది, వెనకాల పొగ, తెరవగానే మొదలయ్యే బరువైన వీడియో. ఏ సినిమాకైనా సరిపోయే పేజీ అది. స్టిల్స్ అన్నీ పంపమన్నాను. వాటిలో ఒకటి చూసి చాలాసేపు ఆగిపోయాను. జీడిపిక్కల గుట్ట మీద ఒక ఆడమనిషి రెండు చేతులు, జీడి రసం పట్టి వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి, ఆ నల్లటి వేళ్ళ మధ్య తెల్లగా ఒక పప్పు. మొహం కనిపించదు. అదే పెట్టాం, పైన పేరు, కింద రెండు వాక్యాల కథ. మా వాడు మొదట ఒప్పుకోలేదు, హీరో ఫీలవుతాడన్నాడు. నిర్ణయం నీదే, కానీ నీ సినిమాలో తప్ప ఇంకెక్కడా దొరకని బొమ్మ ఏదో ఆలోచించుకో అన్నాను. రెండు రోజుల తర్వాత సరేనన్నాడు.

అసలు కష్టం తెలుగు అక్షరాలతో వచ్చింది. కథాసారాంశం పాత డీటీపీ ఫాంటులో టైప్ చేసి పంపారు, అది అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు, కాపీ చేసి పేజీలో పెడితే ఒక్క ముక్క అర్థం కాని గుర్తులొచ్చాయి. మొత్తం మళ్ళీ టైప్ చేయించాను. తర్వాత నా ఫోన్‌లో తెరిస్తే 'ఉద్దానం' అనే మాటలో కింద ఉండాల్సిన ద ఒత్తు సగానికి తెగిపోయింది, గబుక్కున చూస్తే 'ఉదానం' అని కనిపిస్తోంది. వాళ్ళ డిజైన్‌లో ఇంగ్లీష్ అక్షరాల లెక్కన వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకి 1.2 రెట్లు పెట్టారు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, ఆ ఎడం చాలదు. 1.8 చేస్తే అక్షరాలు ఊపిరి పీల్చుకున్నాయి. పోస్టర్ల సంగతీ అంతే, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంటాయి. మన సంఘాల పండగ ఫ్లయర్లలో కూడా ఎన్నిసార్లో చూశాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఫాంటు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని మన తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. సినిమా పేరుకి రామభద్ర ఫాంటు వాడాను, చదివే భాగానికి మండలి.

ఇంకో మాట, తెలుగుని బొమ్మగా మార్చి పెట్టకండి. చాలామంది ఒత్తుల గొడవ లేకుండా పోస్టర్‌నే పేజీ మొత్తం పరిచేస్తారు. అప్పుడు గూగుల్‌కి అది దొరకడం కష్టం, చూపులేనివాళ్ళ ఫోను దాన్ని చదివి వినిపించలేదు. మేం నటీనటుల పేర్లన్నీ అక్షరాలుగానే పెట్టాం, నటించిన ఫ్యాక్టరీ ఆడవాళ్ళ పేర్లతో సహా. వాళ్ళలో ఒకావిడ కూతురు ఫోన్‌లో తెలుగులో అమ్మ పేరు, సినిమా పేరు కొట్టి చూసిందట. వచ్చింది. ఆ సాయంత్రమే మా వాడికి ఫోన్ చేసి, అమ్మ పేరు గూగుల్‌లో ఉంది అన్నా అని చెప్పిందట.

వాట్సాప్ సంగతి కూడా మొదటే చూసుకోవాలి. మనలో ఎక్కువమంది ఏ సినిమా లింకైనా ముందు చూసేది ఏదో ఒక గ్రూపులోనే. లింకు కింద బొమ్మా, పేరూ, ఒక వాక్యం వచ్చేలా పేజీలో రాయాలి. 1200 బై 630 పిక్సెళ్ళ బొమ్మ, సైజు తక్కువలో చాలు. ఇది లేకపోతే వట్టి లింకే కనిపిస్తుంది, అది ఏ మోసం మెసేజో అనుకుని ఎవరూ ముట్టుకోరు.

సినిమా వెబ్‌సైట్ అనగానే అందరూ 1999 నాటి అమెరికన్ హారర్ సినిమా 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' గురించి చెబుతారు. చాలా తక్కువ డబ్బుతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది, వెబ్‌సైటే దానికి పెద్ద ప్రచారం. దాన్ని చూసి చాలామంది కౌంట్‌డౌన్ గడియారాలు, మిస్టరీ పేజీలు చేశారు. కానీ ఆ సైట్‌లో జనాన్ని కూర్చోబెట్టింది చదవడానికున్న సరుకు, సినిమా కథలో తప్పిపోయిన విద్యార్థుల డైరీ, తేదీల వారీగా జరిగిన కథ, పోలీసు ఫొటోలు. మన పక్కనే కన్నడంలో దర్శకుడు పవన్ కుమార్ తన బ్లాగులో ఉన్నదున్నట్టు రాసుకుని 'లూసియా' కోసం 110 మంది దగ్గర 27 రోజుల్లో 50 లక్షలకు పైగా పోగు చేశాడు. 2013లో విడుదలైంది ఆ సినిమా. డిజైన్ కన్నా ముందు మనిషి మాట ఉండాలని నాకు ఈ రెండిట్లోనూ కనిపించింది. అందుకే మా సైట్‌లో మా వాడి చేత ఒక పేజీ రాయించాను, ఈ కథ ఎందుకు తీశాడో, పలాసలో మొదటి వారం ఏం చూశాడో. ఎక్కువమంది ఆగి చదువుతున్న పేజీ అదే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది సైట్లు చచ్చిపోవడం. చాలా ఏళ్ళ కిందట మన సంఘం వేడుకల్లో వేసిన ఒక చిన్న సినిమా లింకు మొన్న నొక్కితే బెట్టింగ్ సైట్ తెరుచుకుంది. డొమైన్, అంటే ఆ సైట్ పేరు, రెన్యూ చేసేవాళ్ళు లేక పోయింది, దాంతోపాటు ఆ స్టిల్సూ, ఆ పేర్లూ. హాలీవుడ్‌లో 1996 నాటి 'స్పేస్ జామ్' పేజీ ఇప్పటికీ అలాగే తెరుచుకుంటుంది, వెనకాల పెద్ద స్టూడియో ఉంది కాబట్టి. మన చిన్న సినిమాల వెనకాల ఎవరున్నారు? ఒక డాట్‌కామ్ పేరుని ఒకేసారి 10 ఏళ్ళకి తీసుకోవచ్చు, ఏడాదికి 15 డాలర్లు అనుకున్నా మొత్తం 150. మన ఉగాది వేడుకల్లో స్టేజీ పూల ఖర్చు ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. షో వేసిన ప్రతి చిన్న సినిమాకీ సంఘమే ఆ పేరు కొని, దర్శకుడి పేరు మీదే ఉంచి, కాపలా కాయాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను.

నేను చేసిన పేజీ మూస ఖాళీగా తీసి పెట్టాను, తెలుగు వరుసల ఎడం, వాట్సాప్ బొమ్మ, షో సమయాల దగ్గర మన టైమూ ఇండియా టైమూ అన్నీ సరిచేసి ఉన్నాయి. మీ అన్నదమ్ముల పిల్లలో, చిన్ననాటి స్నేహితులో సినిమా తీసి ఉంటే సాంస్కృతిక కమిటీకి ఒక మాట చెప్పండి. శనివారాలు నాకు ఖాళీయే, నేనే ఫోన్ చేస్తాను.