63వ సెక్షన్ వారి దివ్యసముఖానికి

ఆర్మీ యాక్ట్, 1950 వాస్తవ్యులు మహారాజశ్రీ 63వ సెక్షన్ వారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక మాజీ నాయక్ అటెన్షన్‌లో నిలబడి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేము క్షేమం. తమరు ఎప్పుడూ క్షేమమే.

నేను 2014లో పింఛను మీద బయటికొచ్చాను. మీ ఇంట్లోనే 123 అని ఒకాయన ఉన్నారు. తిరుగుబాటు, పారిపోవడం లాంటి పెద్ద నేరాలు తప్పిస్తే, సర్వీసులో చేసిన తప్పుకి బయటికొచ్చిన మూడేళ్లలోపు విచారణ మొదలుపెట్టాలంటారాయన. ఆ మూడేళ్లూ 2017లోనే అయిపోయాయి. అయినా మరి కొన్నేళ్లు ఆగి, ఇప్పుడు కలం పట్టాను. మీరంటే ఉన్న భయం అలాంటిది. రెజిమెంటు పేరు ఇప్పటికీ రాయను. రాస్తే అదీ మీ కిందకే వస్తుందేమోనని అనుమానం.

మీ ముందున్నవాళ్లంతా పేరూ ఊరూ ఉన్నవాళ్లు. 38 అంటే పారిపోవడం, 39 అంటే సెలవు మించి ఉండిపోవడం, 40 అంటే పైవాడి మీద చెయ్యెత్తడం. మీరొక్కరే అలా కాదు. ఈ చట్టంలో చెప్పకపోయినా సరే, మంచి క్రమానికీ సైనిక క్రమశిక్షణకూ భంగం కలిగించే పని ఏది చేసినా, చేయాల్సింది చేయకపోయినా నాదే అంటారు. కిరాణా చీటీ చివర 'వగైరా' అని రాస్తాం చూడండి, మా చట్టానికి మీరు ఆ వగైరా. ఇంగ్లండులో 1881 నాటి ఆర్మీ యాక్ట్‌లో 40వ నంబరు ఇంట్లో ఉండేవారు మీ తాతగారు. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు, వాళ్ల వగైరా మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

మనిద్దరికీ పరిచయమైంది 1993లో, బ్రిగేడ్ రోడ్డు మీద. అప్పటికి నేను కొత్తగా చేరిన రంగరూటుని. బెంగళూరులో ట్రైనింగ్. ఎన్నో వారాల తర్వాత ఒక ఆదివారం ఔట్‌పాస్ దొరికింది. గుండు, టక్ చేసిన ఫుల్‌హ్యాండ్ చొక్కా, మొహం కనపడేలా పాలిష్ పెట్టిన బూట్లు. సివిల్ బట్టల్లో ఉన్నామని మేమనుకోవడమే గానీ, బస్సు కండక్టరు కూడా మమ్మల్ని చూడగానే హిందీ అందుకునేవాడు. సన్నగా తుంపర పడుతోంది. బండి మీద ఉడకబెట్టిన పల్లీలు, పైన మూకుడు బోర్లించి ఉంది, దాని అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. ఆ వాసన ముక్కుకి తగలగానే మా ఊళ్లో పొయ్యి దగ్గర కూర్చున్నట్టయింది. పొట్లం ఎడం చేతిలోకి తీసుకున్నాను. రెండు రూపాయల కోసం కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టాను.

అంతే. వెనక నుంచి "ఏ జవాన్!" అని కేక. ఎర్రటోపీ, అంటే మిలటరీ పోలీసు.

జేబులో చేతులు పెట్టుకుని బజార్లో నిలబడ్డం సైనికుడి లక్షణం కాదట. డబ్బులు తీస్తున్నాను సాబ్ అన్నాను. ఎదురు మాట్లాడటం ఇంకో తప్పు. సోమవారం పొద్దున టోపీ, బెల్టు తీయించి ఆఫీసరు ముందుకి మార్చ్ చేయించారు. పల్లీల పొట్లం సంగతి కూడా కాగితం మీదకెక్కింది. వారం రోజులు బ్యారక్ లైన్లు దాటకూడదు, సాయంత్రాలు వీపున పిట్టూ (బరువు సంచి) వేసుకుని రగడా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష. పల్లీలు ఎర్రటోపీ తిన్నాడో, బండివాడే వెనక్కి తీసుకున్నాడో నాకింతవరకూ తెలీదు.

అన్నీ అయ్యాక ఒక ముసలి సుబేదార్ సాబ్‌ని అడిగాను, జేబులో చెయ్యి పెట్టకూడదని ఏ సెక్షన్లో ఉంది సాబ్ అని. "ఎక్కడా లేదు బేటా. ఎక్కడా లేనిదంతా 63" అన్నాడాయన. ఆ రోజు నుంచి తమరి మీద భక్తి.

తర్వాత ఎప్పుడో తీరిగ్గా చట్టం తిరగేస్తే ఇంకో సంగతి తెలిసింది. 48వ వారు మద్యం చూసుకుంటారు. డ్యూటీలో ఉన్నా లేకపోయినా మత్తులో దొరికితే నేరమే అంటారు. కాకపోతే దయగల మారాజు. ఆఫీసరు కానివాడు డ్యూటీలో లేనప్పుడు దొరికితే ఆర్నెల్లకు మించి జైలు వేయకూడదని ఆయనే రాసుకున్నారు. మీ గరిష్ఠ శిక్షేమో ఏడేళ్లు. అంటే రెండు చేతులూ బారజాపి శివాజీనగర్ బస్టాండులో తూలుతూ దొరికితే ఆర్నెల్లు. తాగకుండా, బుద్ధిగా, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని దొరికితే పుస్తకం ప్రకారం ఏడేళ్ల దాకా. ఈ లెక్క ముందే తెలిసుంటే పల్లీలకు బదులు ఇంకేదైనా కొనుక్కునేవాణ్ణి.

పైగా ఆ రమ్ము మాకు పోసేదెవరు? మీవాళ్లే. చలికని ఒక పెగ్గు, పండగని ఒక పెగ్గు, అందరూ కలిసి తినే విందు బడాఖానాకి ఇంకోటి. క్యాంటీన్ కార్డు మీద చౌకగా సీసా చేతికిచ్చి, గేటు బయట ఎర్రటోపీని నిలబెడతారు. రిటైరయ్యాక కూడా మా ఊరి బంధువులు నన్ను గుర్తు పెట్టుకున్నారంటే ఆ కార్డు పుణ్యమే. కొడుకు పెళ్లికి శుభలేఖ కంటే ముందు, "ఈసారి ఎన్ని తెస్తున్నావు?" అని ఫోన్ వస్తుంది.

ఆఫీసర్ల సంగతి నాకెందుకు గానీ, ఒక్కటి మాత్రం అడక్కుండా ఉండలేను. సోదర అధికారి భార్య అభిమానాన్ని దొంగిలించడం అని మీవాళ్లొక నేరం రాస్తారు. ఎక్కువగా హోదాకు తగని ప్రవర్తన చూసుకునే 45వ వారి దగ్గరికి పోతుంది, అవసరమైతే తమరూ ఓ చెయ్యి వేస్తారు. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారం నేరం కాదని ఐపీసీ 497వ సెక్షన్‌ని కొట్టేసినా, ఆ తీర్పు సైన్యం తీసుకునే చర్యలకు అడ్డు కాదని 2023 జనవరిలో అదే కోర్టు చెప్పింది. దానికి కారణం లేదని నేననను. భార్యను ఊళ్లో వదిలి, నెలకొక ఉత్తరం కోసం కొండ మీద కాపలా కాసినవాణ్ణి నేను. ఆ భయం ఏమిటో ఎరుగుదును. కానీ ఈ ముక్క చదివి వినిపిస్తే మా ఆవిడ గరిటె పక్కన పెట్టి నావంక చూసింది. "దొంగిలించడానికి నా అభిమానమేమన్నా స్టోర్ లెడ్జర్లో ఎక్కించిన మగ్గా, మెస్‌టిన్నా? ఎవరు పడితే వాళ్లు ఎత్తుకుపోతుంటే నేను గూట్లో కూర్చుని చూస్తుంటానా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే తిరుగు టపాలో పంపగలరు. ఇప్పుడు సోదరి అధికారులు కూడా ఉన్నారు కదా, వాళ్ల మొగుళ్ల అభిమానం ఎవరైనా పట్టుకుపోతే ఏమని రాస్తారో అది కూడా.

ఆడవాళ్ల మాటొచ్చింది గనక అసలు విషయానికొస్తాను. 2021 మేలో ఈ బెంగళూరులోనే, మిలటరీ పోలీసు శిక్షణ కేంద్రం పరేడ్ గ్రౌండులో, జవాన్లుగా 83 మంది ఆడపిల్లల మొదటి బ్యాచ్ పాసౌట్ అయింది. ఆ ఫొటోలు పేపర్లో చూసి మా అన్నయ్య కూతురు పట్టు పట్టింది. అగ్నివీర్‌గా అదే దాంట్లో చేరింది. మా వంశంలో మొదటి ఎర్రటోపీ! వాళ్ల అమ్మ ఊరంతా లడ్డూలు పంచింది. నాకు మాత్రం పల్లీల బండి గుర్తొచ్చింది.

ట్రైనింగులో ఉండగా ఒక ఆదివారం ఔట్‌పాస్ మీద ఇంటికొచ్చింది. పిన్ని పెసరట్టు వేస్తే కంచం ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. "ఇన్‌స్టాలో కనపడ్డం లేదేమే?" అని మా అమ్మాయి అడిగితే నవ్వేసి ఊరుకుంది. 2020లో మీవాళ్లు 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమన్న సంగతి నాకు తెలుసు గానీ, మా అమ్మాయికి చెప్పలేదు. నేను సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉన్న అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఒక్క యాప్ తెరుచుకోకపోయినా అర్ధరాత్రి గేటు దగ్గరికొచ్చి నామీద అరుస్తారు.

సాయంత్రం దాన్ని దిగబెట్టడానికి బయల్దేరి, దారిలో బ్రిగేడ్ రోడ్డు చూపిద్దామని దిగాం. అక్కడిప్పుడు అంతా అద్దాల షాపులే. అయినా ఒక పక్క తోపుడుబండి, దాని మీద మూకుడు కింద పల్లీలు, అదే ఆవిరి. ఇన్నేళ్ల బాకీ తీర్చుకుందామనిపించింది. రెండు పొట్లాలు కట్టమని, ఫోన్ కోసం ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాను.

"బాబాయ్, చెయ్యి తియ్యి."

మెల్లగానే అంది. అన్నాక తనే నాలిక కరుచుకుంది. కానీ నా చెయ్యి అప్పటికే బయటికొచ్చేసి, బొటనవేలు ప్యాంటు కుట్టు మీద ఆనించి, పిడికిలి బిగుసుకుని ఉంది. మడమలు కూడా కలిసిపోయాయి. బండివాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఫోన్ జేబులోనే ఉండిపోయింది.

పల్లీల డబ్బులు అదే ఇచ్చింది.

ఇట్లు,
తమరి విధేయుడు,
మాజీ నాయక్ (ప్రస్తుతం గేటు నంబరు 2)