నాలుగు గీతల కాపీ పుస్తకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎల్‌కేజీ కాపీ పుస్తకం గారి దివ్య సముఖమునకు, విజయనగరం నుంచి ఒక అమ్మమ్మ చేసుకొను విన్నపము.

తమరు మా ఇంటికి దయచేసిన నాటి నుంచి సాయంత్రాలు మాటా పలుకూ లేవు. నాలుగేళ్ల పిల్ల తమరి ముందు కూర్చుని పేజీ నిండా 3 వేస్తుంది. మణికట్టు ఎముకలే ఇంకా పూర్తిగా ఏర్పడని చెయ్యి. అయినా గీత దాటితే ఎర్రసిరా ఊరుకోదు. తమరి క్రమశిక్షణకు జోహార్లు.

అయితే తమరి వెనకాల ఒక కుట్ర జరుగుతోంది. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసి వచ్చింది మొదలు మా పెరట్లో రోజూ ఉత్సవమే. సిరిమానంటే పొడవాటి మాను; దాని కొసన పూజారి గారిని కూర్చోబెట్టి, తెల్ల ఏనుగు, జాలరి వల వెంటరాగా గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిప్పుతారు. మా పెరట్లోనూ అంతే. బూజుకర్ర సిరిమాను. దాని కొసకు కట్టిన బొమ్మ పూజారి గారు. దుప్పటి కప్పుకున్న పక్కింటి పిల్లవాడు తెల్ల ఏనుగు. చిరిగిన దోమతెర జాలరి వల. తులసికోట అమ్మవారి గుడి, ఎదుటి గోడ రాజుగారి కోట. "మూడుసార్లు తిరగాలి, ఇది రెండోదే!" అని మా పిల్ల ఏనుగును గదమాయిస్తుంది. ఏనుగేమో తానే పూజారినవుతానని మొరాయిస్తుంది. అలకలు, బతిమాలడాలు, బెదిరింపులు, చివరికి రేపటి వంతు మీద ఒప్పందం. ఇన్ని మాటలు తమరి గీతల మధ్య ఎక్కడ పడతాయి?

ఇంకో ఘోరం. హోంవర్కుకు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని ఆ పిల్లవాడే, ఉత్సవంలో పోలీసు వేషం ఇస్తే కదలకుండా నిలబడతాడు. రష్యాలో వైగాట్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1933లోనే ఈ గుట్టు విప్పాడు. కర్రను గుర్రమనుకున్నప్పుడే పిల్లల ఆలోచన కంటికి కనిపించే వస్తువు పట్టు విడిపించుకుంటుందట. వేషానికి కట్టుబడి తమ కోరికను తామే అదుపు చేసుకుంటారట. "అ" అనే వంకరగీత ఒక ధ్వనికి గుర్తని ఒప్పుకోవడానికీ ఆ విద్యే కావాలి. అంటే తమరి కన్నా ముందు బూజుకర్రే అక్షరాభ్యాసం చేయించేసింది. నొచ్చుకోకండి.

2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు ఆటలతోనే చదువు చెప్పమంది. తమరు చదివి ఉండరు. చదవడం తమరి పని కాదు, నింపించుకోవడమే కదా.

చివరగా అసలు పని. సిరిమాను మీదికి భక్తులు అరటిపళ్లు విసరడం ఆచారం. పెరట్లో పళ్లు లేవు. తమరి మూళ్ల పేజీలు కొన్ని చింపి ఉండలు చుట్టాం. చుట్టింది నేనే. రేపు వెనక వీధి పిల్లలు కూడా వస్తారట, భక్తుల రద్దీ పెరుగుతోంది. మరో రెండు పుస్తకాలు పంపించగలరు. పలచ కాగితమైతే మేలు. పూజారి గారి తల అసలే అతికించినది.