రెండో టెరాబైటు ఎక్కడికి పోయిందట!

ఈ ఉదయం మా అకౌంట్స్ విభాగం పెద్దాయన నన్ను పిలిపించి, పాత బిల్లునూ కొత్త బిల్లునూ బల్ల మీద పక్కపక్కన పరిచి, "టెరాబైటు డిస్కులు రెండున్నాయి కదండీ, సర్వర్‌లో ఒకటే చూపిస్తోంది, రెండోది ఏమైనట్టు?" అని అడిగారు. తెలుసుకుందామని అడిగిన ప్రశ్న కాదది, నేనేదో దాచేశానన్న ఆరోపణ. కారు డిక్కీలో స్టెప్నీ ఉంది కాబట్టి బండి ఐదు చక్రాల మీద నడవాలని ఈయన ఎన్నడైనా పట్టుబట్టారా?

ఒంటి డిస్కు మీద నడుస్తున్న సర్వర్‌ను ఒక్క ఫైలూ పోకుండా మిర్రర్‌కు, అంటే ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీదా రాసే జతకు, మార్చడమంటే ఇంకో డిస్కు తగిలించి స్క్రూలు బిగించడం కాదు. ముందు కొత్త డిస్కు ఒక్కదానితోనే, రెండోదాని చోట 'మిస్సింగ్' అని రాసి, సగం జతను నిలబెట్టాలి. పాతదాంట్లో ఉన్నదంతా అందులోకి నకలు చేసి, ఏ డిస్కు ఎక్కడ తగలాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలును సరిదిద్ది, బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేసి, మిషనును పైకి లేపే గ్రబ్ ప్రోగ్రామును రెండు డిస్కుల మీదా వేయాలి. ఈ చివరి పని మరిచిపోయి, మొదటి డిస్కు పోయిన రోజున రెండోదాంట్లో డేటా అంతా భద్రంగా ఉన్నా మిషను పైకి లేవక తల పట్టుకున్నవాళ్లను చూశాను. కొత్త డిస్కు నుంచి బూట్ అయిందని రూఢి చేసుకున్నాకే పాతదాన్ని జతలో చేర్చాలి. చేర్చిన క్షణం నుంచి దాని మీద ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆదివారం రాత్రి ఆ ఆదేశం టైపు చేసి, ఎంటర్ నొక్కే ముందు లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. రెండు డిస్కులనూ ఒకేలా చేసే సింక్ పూర్తయి, స్థితి చూపే వరుసలో, డిస్కు పనిచేస్తోందనడానికి గుర్తైన 'యు' పక్కనున్న అడ్డగీత పోయి రెండు 'యు'లు కనిపించేసరికి తెల్లవారుజాము మూడున్నర.

మూడేళ్ల కిందట, జీఎస్టీ రిటర్నుల వారంలో, అప్పటి డిస్కు టకటకమని కొట్టుకుని చచ్చినప్పుడు "ముందే జాగ్రత్త పడవద్దా?" అని అందరి ముందూ నన్ను నిలదీసినది ఈయనే. అంతకు ఆరు నెలల ముందు రెండో డిస్కు కోసం నేను పెట్టిన ఇండెంటు మీద 'ప్రస్తుతం అవసరం లేదు' అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపినదీ ఈయనే. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఇలా డిస్కులను జట్టుకట్టే పద్ధతికి రెయిడ్ అనే పేరు పెట్టినప్పుడు అందులోని 'ఐ' అక్షరానికి 'చవకైనవి' అనే అర్థం. ఆ చవక మా ఆఫీసు గుమ్మం దాటి లోపలికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇంతా చేస్తే, జత వచ్చింది కాబట్టి రాత్రి బ్యాకప్‌కు వాడే బయటి డిస్కు దండగ అని ఇప్పుడు కొత్త వాదన. ఎవరైనా పొరపాటున ఒక ఫోల్డరును చెరిపేస్తే మిర్రర్ ఆ చెరపడాన్ని కూడా రెండు డిస్కుల మీదా అంతే విశ్వాసంగా చేస్తుందని రెండుసార్లు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "రెంటిలోనూ ఉండేది ఒకటే అయినప్పుడు, ఒకటి తీసి రిసెప్షన్ కంప్యూటర్‌కు పెట్టేయండి, పాపం అది నెమ్మదిగా నడుస్తోంది" అన్నారు.

సర్వర్ గది తాళంచెవి ప్రస్తుతం నా జేబులో ఉంది. భోజనానికి కూడా దాన్ని వెంటబెట్టుకునే వెళ్లాను.