డిక్కీ మీద రెక్క, నా నెత్తి మీద బొప్పి

ఒక చేత్తో ఐస్ ముక్క గుడ్డలో చుట్టి నెత్తికి అదుముకుని, ఇంకో చేత్తో ఇది టైప్ చేస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. గంట క్రితం మా బావమరిది నూజివీడు నుంచి రెండు పెట్టెలు చిన్నరసాలు తెచ్చాడు. ఆ విషయంలో వాడికి వంక పెట్టడానికి లేదు, కాయలు ఏరి తెస్తాడు. సెల్లార్‌లో కారు ఆపి డిక్కీ తెరిచాడు, నేను వంగి మొదటి పెట్టె ఎత్తానో లేదో, ధబ్బుమని డిక్కీ మూత వచ్చి నడినెత్తిన పడింది. కళ్ళ ముందు చుక్కలు కనపడినా పెట్టె మాత్రం వదల్లేదు. రసాలు నేలపాలు చేసి పైకెళితే మా ఆవిడ రెండో పక్క కూడా బొప్పి కట్టించేది.

"అయ్యో బావా, చెప్పడం మర్చిపోయా. స్పాయిలర్ వేయించిన కాడినుంచి మూత ఆగట్లేదు, ఓ చెయ్యి పెట్టి పట్టుకోవాలి."

ఓ చెయ్యి పెట్టి పట్టుకోవాలట! డిక్కీకి ఒక చెయ్యి, పెట్టెకి రెండు చేతులు. మూడో చెయ్యి ఎక్కడ తగిలించుకోవాలో అది కూడా ఆటోనగర్‌లోనే కనుక్కుని రావాల్సింది.

అప్పుడు చూశాను ఆ స్పాయిలర్‌ని సరిగ్గా, అదే, డిక్కీ మూత మీద బిగించిన రెక్కని. నల్లగా నిగనిగలాడుతూ రెండు కాళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడి ఉంది. కార్బన్ ఫైబర్ అన్నాడు. మూల మీద గోరు పెట్టి గీకితే స్టిక్కర్ లేచొచ్చింది, కింద మామూలు ఫైబరే. మూతకి డ్రిల్లింగ్ చేసి బోల్టులు వేశారు, ఆ బోల్టుల చుట్టూ పూసిన సిలికాన్ గోడకి అంటించిన బబుల్‌గమ్‌లా ఉంది. వచ్చే నెల వానలు మొదలైతే ఆ కన్నాల్లోంచి కారిన నీళ్ళు స్టెప్నీ గుంటలో చేరతాయి, దీపావళికి తుప్పు. ఇదంతా అటుంచి, మూతని పైకి పట్టి ఉంచే స్ప్రింగులు కంపెనీ వాళ్ళు ఆ మూత బరువుకి లెక్కేసి పెట్టినవి. దాని మీద ఇంత సరంజామా ఎక్కిస్తే ఎలా ఆగుతుంది? ఎవడో ఒకడి నెత్తి వెతుక్కుంటుంది, ఇవాళ నాది దొరికింది.

ఇంతకీ ఆ కారు ఏం కారనుకున్నారు? నాలుగు మీటర్ల లోపు బుల్లి సెడాన్, అంటే వెనక డిక్కీ తోకలా విడిగా పొడుచుకొచ్చే రకం, సెకండ్ హ్యాండ్. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజ్ పన్ను 24 శాతం నుంచి 16కి తగ్గించి, చిన్న కారంటే నాలుగు మీటర్లు దాటకూడదన్నారు కదా, దాంతో సెడాన్లకి తోకలు కత్తిరించి అమ్మడం మొదలైంది. అంటే పన్ను తగ్గడం కోసం తోక కోసేసిన కారు అది. ఆ కోసేసిన చోట వీడు రేసు కారు రెక్క అతికించాడు. నన్ను నవ్వొద్దంటాడు.

"డౌన్‌ఫోర్స్ బావా, హైస్పీడ్‌లో కారు రోడ్డుకి అతుక్కుపోతుంది" అంటూ నాకు పాఠం. నాయనా, గాలి నొక్కుడు వేగంతో పాటు వర్గం లెక్కన పెరుగుతుంది, వేగం సగమైతే నొక్కుడు నాలుగో వంతుకి పడిపోతుంది. నీ రెక్క 120లో నాలుగు కిలోలు నొక్కుతుందని నీ మీద జాలితో ఒప్పుకుందాం. 30లో ఎంత నొక్కుతుంది? పదహారో వంతు, అంటే పావు కిలో! మా విజయవాడలో రామవరప్పాడు రింగు నుంచి బెంజ్ సర్కిల్ దాకా సాయంత్రం పూట 30 దాటి వెళ్ళిన మొనగాడు ఎవరైనా ఉంటే కామెంట్‌లో చెయ్యెత్తండి. పావు కిలో బరువే కావాలంటే కూరగాయలబ్బాయి దగ్గర పావు కిలో పచ్చిమిరపకాయలు కొని డిక్కీ మీద పెట్టుకో, కనీసం ఇంటికెళ్ళి పచ్చడైనా చేసుకోవచ్చు. పైగా ఆ స్పాయిలరే మూడు నాలుగు కిలోలు ఉంటుందేమో, గాలితో పనేముంది, దాని బరువే చాలు. ఇంకా తమాషా ఏంటంటే వాడి కారు ఇంజన్ ముందు, లాగేది ముందు చక్రాలు. వెనక నొక్కితే లాగుడుకి ఒరిగేదేమిటి?

ఇప్పుడు కొందరు తయారవుతారు, నాకు తెలుసు, "అన్నా, నీ హ్యాచ్‌బ్యాక్‌కీ పైన స్పాయిలర్ ఉంది కదా" అని. ఉంది. అది కంపెనీ నుంచే వచ్చింది, వెనక అద్దం పైన చూరులాగా కాస్త వెనక్కి పొడుచుకొచ్చిన అంచు. టాప్ మీదుగా వచ్చిన గాలి అద్దం మీదకి జారి సుడులు తిరగకుండా అక్కడే తెగిపోవడానికి అది పనికొస్తుంది, గాలి వెనక్కి లాగడం కాస్త తగ్గుతుంది, హైవే మీద పెట్రోలు చుక్కలైనా మిగులుతాయి. ఆ పై బ్రేక్ లైటు అందులోనే ఉంటుంది. అది ఇంజినీర్లు గాలి సొరంగంలో కారు పెట్టి, లెక్కలు కట్టి, మిల్లీమీటర్లు చూసుకుని చేసిన పని. దానికీ, ఒక షాపు కుర్రాడు టీ తాగొచ్చి చేత్తో జానలు కొలిచి డ్రిల్లు పెట్టిన దానికీ పోలికా?

ఇంకొకడు ఆడి టీటీ అనే స్పోర్ట్స్ కారు సంగతి తెస్తాడు. తెండి, నేనే చెబుతాను. 1990ల చివర్లో జర్మనీలో ఆ కారు కొత్తగా వచ్చినప్పుడు ఆటోబాన్ మీద, అంటే వాళ్ళ హైవే మీద, బాగా వేగంలో వెనక భాగం తేలిపోయి ప్రమాదాలయ్యాయి, మనుషులు పోయారు. అప్పుడు కంపెనీ కార్లు వెనక్కి పిలిచి సస్పెన్షన్ సరిచేసి, డిక్కీ మీద చిన్న స్పాయిలర్ బిగించి ఇచ్చింది. నిజమే, అక్కడ అది ప్రాణం కాపాడే వస్తువు. ఆ వేగాలేంటి, మనమేంటి? మన నాలుగు లైన్ల హైవే మీద కార్లకి కేంద్రం పెట్టిన హద్దే 100, అందులోనూ ప్రతి ఊరి దగ్గరా ఎదురు దిశలో ఓ బైకు, డివైడర్ మీద ఓ గేదె. 1989లో వచ్చిన పోర్షే 911లో అయితే స్పాయిలర్ వెనక ఇంజన్ మూతలోనే కూర్చుని ఉంటుంది, 80 దాటితే తప్ప పైకి లేవదు. పోర్షేకే అవసరం లేనిది మావాడికి సెల్లార్‌లో కూడా కావాల్సొచ్చింది.

ఇది పెట్టుకున్నాక అద్దంలో వెనక ఏం కనపడుతోందిరా అని అడిగాను. లోపల కూర్చుని చూస్తే అడ్డంగా నల్ల పట్టీ, సరిగ్గా వెనకొచ్చే బైకువాడి మొహం ఉండే ఎత్తులో. "అలవాటైపోతుంది బావా" అన్నాడు. నీకు అలవాటవుతుంది, ఆ బైకువాడికి?

ఇప్పటిదాకా నేను కాస్త శాంతంగానే ఉన్నాను. బాధ తగ్గడానికి అక్కడే స్టూల్ మీద కూర్చుంటే, ఎదురుగా వెనక టైరు కనపడింది. గుండు. నా నెత్తి కంటే నున్నగా ఉంది. గాడి లోపల అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలుంటాయి చూడండి, అరుగుదల తెలియడానికి, గాడి 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే టైరు ఆ దిమ్మతో సమానమైపోతుంది, ఇక మార్చాల్సిందే. మావాడి టైరులో దిమ్మా లేదు గాడీ లేదు. వేలితో తడిమితే పలకలాగా ఉంది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని ఊరికే అన్నారా? వాన పడిన రోడ్డు మీద బ్రేకు నొక్కితే కారుని పట్టుకోవాల్సింది ఆ నాలుగు రబ్బరు ముక్కలే, వాటిని గాలికొదిలేసి గాలిని పట్టుకోడానికి రెక్క పెట్టాడు.

సరే, అది వాడి కారు, వాడి ఖర్మ అని ఊరుకునేవాణ్ణి. కానీ సంక్రాంతికి ముందు ఈ మహానుభావుడు నాకు ఫోన్ చేసి, "బావా, టైర్లు అరిగిపోయాయి, పిల్లల్ని ఎక్కించుకు తిరగాలంటే భయంగా ఉంది, ఓ పదహారు వేలు సర్దు" అన్నాడు. పిల్లలన్నాడని అడిగిన పది నిమిషాల్లో పంపించాను. ఆ పదహారు వేలే ఇవాళ నా నెత్తిన పడ్డాయి! అప్పిచ్చి మరీ దెబ్బ తిన్నవాణ్ణి విజయవాడ మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"టైర్లు ఎవరు చూస్తారు బావా" అన్నాడు, నవ్వుతూ. అదీ అసలు మాట. వాడికి మొదట్నుంచీ ఎవరు చూస్తారన్నదే లెక్క. 2019లో మా మరదలి నిశ్చితార్థం రోజు తెల్లారుజామున నా పాత ఆల్టోలో అరటి గెలలు, పూలబుట్టలు, వంటవాళ్ళ గరిటెలతో సహా మూడు ట్రిప్పులు వేశాను. సీట్ల కింద బంతిపూల రేకులు ఆర్నెల్ల దాకా దొరుకుతూనే ఉన్నాయి. పది గంటలకి పెళ్ళివారు వచ్చే టైముకి వీడొచ్చి, గొంతు తగ్గించి, "బావా, ఏమనుకోకు, నీ కారు కాస్త వెనక సందులో పెట్టవా, ఫొటోల్లో పడుతోంది" అన్నాడు. పెట్టాను. చెత్తకుండీ పక్కన పెట్టాను. ఏమనుకోకు అన్నాడు కాబట్టి అప్పుడు ఏమీ అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను. మా ఆవిడతో ఈ సంగతెత్తితే "ఎప్పటిదో ఇప్పుడెందుకు, వాడు ప్రేమగా కాయలు తెస్తే" అంటుంది. కాయలు ప్రేమగానే తెచ్చాడమ్మా, నేను కాదనలేదు.

ఆ స్పాయిలర్ వల్ల నా కళ్ళారా చూసిన ఉపయోగం ఒకే ఒక్కటి. మేం మాట్లాడుకుంటుండగానే మా వాచ్‌మన్ కార్లు తుడిచే తడిగుడ్డ తెచ్చి, పిండి, దాని మీద చక్కగా ఆరేసి వెళ్ళాడు. దండెం కోసమే పెట్టారనుకున్నాడు పాపం. మావాడి మొహం చూడాల్సింది.

ఇది రాస్తుండగానే ఫోన్ మోగింది. హనుమాన్ జంక్షన్ దాటాడట. "బావా, వాపు తగ్గిందా?" అన్నాడు. తగ్గుతోందిరా అన్నాను, మనసు కాస్త కరిగింది కూడా. "అదే బావా, ఇక్కడ మెకానిక్‌ని అడిగితే డిక్కీకి గట్టి స్ప్రింగులు దొరుకుతాయన్నాడు, మూడు వేలవుతుందట, నీకు మళ్ళీ తగలకుండా ఉంటుంది కదా అని…"