కొత్త అధ్యక్షుడి లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది?

అమెరికాలో జనవరి 20 మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒక అధ్యక్షుడి పదవీకాలం ముగిసి మరొకరిది మొదలవుతుంది. రాజ్యాంగానికి చేసిన 20వ సవరణ ఆ ఘడియను ఖరారు చేసింది. అధికారం ఎవరి చేతిలో ఉందో తేల్చడానికి ఇంతకంటే స్పష్టమైన ఏర్పాటు ఉండదు. నా బాధ ఏమిటంటే, మనం అదే ఘడియను మంచిచెడ్డల లెక్కకు కూడా వాడేస్తున్నాం. ఆ మధ్యాహ్నానికి ముందు జరిగినదంతా పాతవాడి ఖాతాలో, తర్వాత జరిగినదంతా కొత్తవాడి ఖాతాలో వేసి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు గొప్పో తీర్పు చెబుతున్నాం. ఆ ఇద్దరి చేతికీ అందిన దేశం ఒకే స్థితిలో లేదన్న విషయం ఆ తీర్పులో ఎక్కడా కనిపించదు. ఈ అలవాటు వల్ల మనం ఎంత తప్పుగా ఆలోచిస్తున్నామో కాస్త వివరంగా రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

ముందుగా 2009 నాటి బడ్జెట్ లోటు సంగతి చూద్దాం. ఆ ఏడాది లోటు సుమారు 1.4 లక్షల కోట్ల డాలర్లకు చేరింది. బరాక్ ఒబామా రాగానే దేశాన్ని అప్పుల్లో ముంచేశాడనడానికి అతని విరోధులు ఏళ్ల తరబడి చూపిన అంకె అదే. అయితే అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అంటే ఒబామా ప్రమాణ స్వీకారం చేసే నాటికే 2009 ఆర్థిక సంవత్సరంలో మూడున్నర నెలలకు పైగా గడిచిపోయాయి. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెందిన బడ్జెట్ కార్యాలయం ఆ జనవరి మొదటి పక్షంలోనే, ఒబామా ఇంకా పదవిలోకి రాకముందే, ఆ ఏటి లోటు దాదాపు 1.2 లక్షల కోట్ల డాలర్లు ఉంటుందని అంచనా ప్రకటించింది. బ్యాంకులను నిలబెట్టే చట్టం మీద 2008 అక్టోబరులో సంతకం చేసింది జార్జ్ బుష్. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలడంతో పన్నుల రాబడి పడిపోయింది. అదీ అప్పటికే జరిగిన పని. ఒబామా ఫిబ్రవరిలో సంతకం చేసిన 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం చాలా సంవత్సరాల మీద పరచిన ఖర్చు కాబట్టి, ఆ ఏటి లోటులో దాని వాటా కొంతే. ఆ వాటాకు అతను జవాబు చెప్పాలి, మిగిలినదానికి చెప్పనక్కరలేదు. ఇది పార్టీ అభిమానంతో అంటున్న మాట కాదు. తర్వాతి సంవత్సరాల లోటు విషయంలో ఒబామాను ఎంత గట్టిగా నిలదీసినా నాకు అభ్యంతరం లేదు.

ఉద్యోగాల లెక్కలోనూ ఇదే గందరగోళం. ఒబామా వచ్చిన ఆ జనవరిలో, ఒక్క నెలలోనే, ఏడు లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. నిరుద్యోగం అదే ఏడాది అక్టోబరులో 10 శాతాన్ని తాకి, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతూ వచ్చి, 2017 జనవరి నాటికి 5 శాతం కంటే కిందకు చేరింది. డొనాల్డ్ ట్రంప్ హయాంలోనూ ఆ రేఖ అలాగే దిగుతూ 2019 చివరికి 3.5 శాతం దగ్గర నిలిచింది. పదేళ్ల పాటు దాదాపు ఒకే వాలులో సాగిన రేఖ అది. దాన్ని మధ్యలో కోసి, ఎడమ ముక్క చేతకానితనానికీ కుడి ముక్క సమర్థతకూ నిదర్శనమని ఒక పక్షం చెప్పింది. ఆ ఘనతంతా పాతవాడిదే, కొత్తవాడు చేసింది శూన్యమని రెండో పక్షం చెప్పింది. 2020 వసంతంలో మహమ్మారి వల్ల నిరుద్యోగం 14 శాతం దాటినప్పుడు, అంతవరకూ వారసత్వం మాటే ఎత్తనివారు పరిస్థితుల గురించి మాట్లాడారు. పరిస్థితుల గురించి మాట్లాడుతూ వచ్చినవారు మొత్తం నేరాన్ని అధ్యక్షుడి మీద మోపారు. ఆ తర్వాత జో బైడెన్ కాలంలో, 2022 జూన్‌లో, ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరినప్పుడు వాదనలు మళ్లీ చేతులు మారాయి. ఎవరూ కొత్త వాదన వెతుక్కోలేదు, ఎదుటివాడు వదిలేసిన వాదననే తీసుకున్నారు. ఇంత సులువుగా చేతులు మారే మాటను ఇద్దరిలో ఎవరైనా నిజంగా నమ్మారంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

ఈ విషయంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది జిమ్మీ కార్టర్, రొనాల్డ్ రీగన్‌ల ఉదంతం. 1970ల చివర అమెరికాను ధరల పెరుగుదల పీడించింది. 1980లో ద్రవ్యోల్బణం 13 శాతం దాటింది. దాన్ని అణచడానికి వడ్డీ రేట్లను ఎవరూ ఊహించనంత ఎత్తుకు చేర్చిన పాల్ వోల్కర్‌ను అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్‌కు అధిపతిగా 1979లో నియమించింది కార్టరే. ఆ మందు చేదును తొలుత మింగింది కూడా ఆయనే. వడ్డీలు పెరిగిన ఏడాదిలోనే ఎన్నికలకు వెళ్లి ఓడిపోయారు. అదే మందు రీగన్ పదవిలోకి వచ్చాక కూడా కొనసాగింది. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి పెరిగింది, అధ్యక్షుడి పదవీకాలం సగంలో జరిగే ఆ ఏటి మధ్యంతర ఎన్నికల్లో ఆయన పార్టీ ప్రతినిధుల సభలో 26 స్థానాలు కోల్పోయింది. అప్పుడు రీగన్‌ను విఫల అధ్యక్షుడని రాసినవారు ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి ధరలు అదుపులోకి వచ్చాయి, ఉద్యోగాలు పెరిగాయి, 1984లో ఆయన 49 రాష్ట్రాల్లో గెలిచారు. ఈ కథలో ఎవరి పాలు ఎంత? నియమించిన ధైర్యం కార్టర్‌ది. సొంత పార్టీ నష్టపోతున్నా వోల్కర్‌ను ఆ పదవిలో ఉండనిచ్చి, 1983లో మళ్లీ నియమించడం రీగన్‌కు దక్కాల్సిన గౌరవం. కానీ మామూలుగా చెప్పుకునే చరిత్రలో ఒకరు ధరలు పెంచినవారు, మరొకరు దించినవారు, అంతే.

అదే ఇద్దరి మధ్య జరిగిన మరో ఘట్టం చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. ఇరాన్‌లో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉన్నారు. వారి విడుదల కోసం అల్జీరియా మధ్యవర్తిత్వంతో సాగిన చర్చలు కార్టర్ పదవీకాలపు చివరి గంటల దాకా నడిచి, 1981 జనవరి 19న ఒప్పందం కుదిరింది. బందీలను మాత్రం మర్నాడు రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకు వదిలారు. విమానం గాలిలోకి లేచిన క్షణాన్ని బట్టి చూస్తే ఆ విజయం కొత్త అధ్యక్షుడిది. ఆ క్షణానికి ముందున్న నెలలను బట్టి చూస్తే అది పాత అధ్యక్షుడిది. 1980 ఏప్రిల్‌లో బందీలను విడిపించబోయి ఎనిమిది మంది సైనికులు ఎడారిలో చనిపోయిన వైఫల్యం కూడా ఆయనదే, దాన్ని దాచనక్కరలేదు. బందీలను జర్మనీలో స్వాగతించడానికి వెళ్లమని రీగన్ కార్టర్‌నే కోరారు. ఎవరి శ్రమ ఎవరిదో ఆ రోజు పదవిలో ఉన్న మనిషికి తెలుసు. తెలియనిది, తెలుసుకోవాలని కోరుకోనిది బయట చప్పట్లు కొట్టినవారికే.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, వచ్చి తీరాలి కూడా. అన్నింటికీ పాతవాడినే కారణం చూపిస్తూ పోతే కొత్తవాడు జవాబు చెప్పే రోజు ఎప్పుడు వస్తుంది? వారసత్వమన్న సాకుకు గడువు లేకపోతే అది మరో రకమైన అన్యాయం. నా వరకు నేను ఒక విషయాన్ని విడదీసి చూస్తాను. చేతికి వచ్చిన పరిస్థితి వేరు, దాన్ని నిర్వహించిన తీరు వేరు. అఫ్గానిస్తాన్ నుంచి సేనలను వెనక్కి తీసుకోవాలన్న ఒప్పందం తాలిబన్లతో 2020 ఫిబ్రవరిలో దోహాలో కుదిరింది. అందులో పెట్టిన గడువు 2021 మే 1. ఆ ఒప్పందం బైడెన్‌కు ట్రంప్ నుంచి వచ్చింది. కానీ దాన్ని పాటించాలా వద్దా అని నిర్ణయించుకోవడానికీ, గడువును ఆగస్టు చివరికి జరపడానికీ, ఖాళీ చేసే పనిని ఏర్పాటు చేయడానికీ అధికారం ఉన్నది బైడెన్‌కు. కాబూల్ విమానాశ్రయం వద్ద ఆగస్టు 26న జరిగిన దాడిలో 13 మంది అమెరికన్ సైనికులతో పాటు ఎందరో అఫ్గాన్లు మరణించారు. ఆ వారాల అస్తవ్యస్తతకు దోహా సంతకం సమాధానం కాదు.

ఈ తేడా స్పష్టంగా తెలిసిన వ్యక్తి జాన్ కెనడీ అని నేను అనుకుంటాను. క్యూబా మీద దాడికి ఆ దేశపు ప్రవాసులను సిద్ధం చేసే పథకం ఆయన ముందువాడైన ఐసెన్‌హోవర్ కాలంలో మొదలైంది. 1961 ఏప్రిల్‌లో బే ఆఫ్ పిగ్స్ వద్ద అది ఘోరంగా విఫలమైనప్పుడు కెనడీ పదవిలోకి వచ్చి మూడు నెలలు కూడా నిండలేదు. పథకం తనది కాదని చెప్పుకోవడానికి ఆయనకు అన్ని అవకాశాలూ ఉన్నాయి. అయినా ప్రభుత్వంలో బాధ్యుడిని నేనేనని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. పథకం వారసత్వమే, కానిమ్మని అన్నది ఆయన. ఆ ఒప్పుకోలు తర్వాత ఆయనకు ప్రజాదరణ తగ్గకపోగా పెరిగింది. నిజం చెప్పేవాడిని జనం క్షమించగలరని దాన్ని చూస్తే నాకు నమ్మకం కలుగుతుంది.

అంకెలకు లొంగని పోలిక మరొకటుంది, అది వ్యక్తిత్వాల పోలిక. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పన్నెండేళ్లకు పైగా పదవిలో ఉండి 1945 ఏప్రిల్ 12న మరణించినప్పుడు, అతని తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న హ్యారీ ట్రూమన్ ఉపాధ్యక్షుడై అప్పటికి 82 రోజులే. అణుబాంబు తయారవుతున్న సంగతి కూడా ఆయనకు ఆ తర్వాతే చెప్పారు. ఆయన గొంతు రూజ్వెల్ట్ గొంతులా లేదని, మాటతీరు ఆ హోదాకు తగినట్టు లేదని పెదవి విరిచినవారు చాలామంది. 1952లో గాలప్ సర్వేలో ఆయన పట్ల ఆమోదం 22 శాతానికి పడిపోయింది. యూరప్‌ను నిలబెట్టిన మార్షల్ ప్రణాళిక, 1948లో సైన్యంలో జాతి విచక్షణను రద్దు చేసిన ఉత్తర్వు ఆయన కాలానివే, అయినా ఆనాడు అవి ఆయన్ను కాపాడలేదు. కొరియా యుద్ధం మీద జనానికి ఉన్న కోపంలో న్యాయం ఉంది, అది వేరే సంగతి. కానీ ఒక మనిషిని అతని ముందువాడి గొంతుతో కొలవడంలో ఏ న్యాయమూ లేదు.

కొలబద్ద విషయంలో మనవైపు తప్పును కూడా ఒప్పుకోవాలి. ఉగ్రవాద అనుమానితులను ఉంచిన గ్వాంటనామో నిర్బంధ కేంద్రం గురించి బుష్ కాలంలో గొంతు చించుకున్నవారిలో నేను గౌరవించేవారు ఎందరో ఉన్నారు. దాన్ని ఏడాదిలోగా మూసేయాలని ఒబామా పదవిలోకి వచ్చిన రెండో రోజునే, 2009 జనవరి 22న, ఉత్తర్వు ఇచ్చారు. అది మూతపడలేదు. కాంగ్రెస్ అడ్డుపడిందన్నది నిజమే. కానీ ఎనిమిదేళ్లలో ఆ గొంతుల్లో ఎన్ని ముందున్న తీవ్రతతో వినిపించాయి? విచారణ లేకుండా మనిషిని ఏళ్ల తరబడి బంధించడం బుష్ హయాంలో తప్పయితే ఒబామా హయాంలోనూ తప్పే. కొత్తవాడు పాతవాడి కంటే మర్యాదస్తుడన్న భావనతో మనం అడగాల్సిన ప్రశ్నను మానుకుంటే, ఆ మౌనానికి మూల్యం చెల్లించేది గదిలో బందీగా ఉన్న మనిషి.

2025లో ట్రంప్ తిరిగి రావడంతో ఈ చిక్కు మరింత ముదిరింది. ఆయన వారసత్వంగా అందుకున్నది బైడెన్ నుంచి, బైడెన్ అందుకున్నది ఆయన నుంచి. ఇలా మధ్యలో విరామంతో రెండుసార్లు పదవి చేసిన మరో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒక్కరే. ఆయన రెండోసారి ప్రమాణం చేయడానికి కొద్ది రోజుల ముందు ఒక పెద్ద రైల్వే సంస్థ దివాలా తీసింది. 1893 ఆర్థిక సంక్షోభం ఆయన తల మీద పడింది, ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన పార్టీ దారుణంగా దెబ్బతింది.

చివరగా జెరాల్డ్ ఫోర్డ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ముందువాడితో పోలిక ఆయన్ను పైకెత్తింది, కింద కూడా పడేసింది. ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో జరిగిన చొరబాటును కప్పిపుచ్చిన వాటర్‌గేట్ కుంభకోణంలో ఇరుక్కుని 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేసి వెళ్లిపోగానే, కొత్తగా వచ్చినవాడు నిక్సన్ కాదన్న ఒక్క కారణంతో దేశం ఊపిరి పీల్చుకుంది. ఒక్క నెల గడిచింది. సెప్టెంబరు 8న నిక్సన్‌కు క్షమాభిక్ష ప్రకటించగానే అదే దేశం ఆయనను నిక్సన్ తోడుదొంగగా చూసింది. 1976 ఎన్నికల్లో స్వల్ప తేడాతో ఓడిపోయారు. 2001లో కెనడీ గ్రంథాలయ సంస్థ అదే నిర్ణయానికి గాను ఫోర్డ్‌కు ధైర్యసాహసాల పురస్కారం ఇచ్చింది. ఆ నాడు తాను వ్యతిరేకించానని, ఇప్పుడు చూస్తే ఫోర్డ్ చేసినదే సరైనదని సెనెటర్ ఎడ్వర్డ్ కెనడీ ఆ సభలో అన్నారు. నాకు ఆ క్షమాభిక్ష సరైనదన్న నమ్మకం ఈ రోజుకీ కుదరలేదు. నేరం చేసిన అధ్యక్షుడు కోర్టు మెట్లెక్కి ఉండాల్సిందనే నా అభిప్రాయం. అయితే ఫోర్డ్‌ను తప్పుపట్టేటప్పుడు నేను ఆయన చేసిన ఆ పనిని మాత్రమే తప్పుపడతాను. వాటర్‌గేట్‌ను ఆయన నెత్తిన పెట్టను.