ఒకే కారుతో పెరిగిన కుటుంబం

అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్ 2016లో తన అతి పెద్ద పోటీ అయిన కప్ సిరీస్‌లో చార్టర్లు పంచింది. చార్టర్ ఉన్న కారుకు ప్రతి రేసులోనూ చోటు ఖాయం, వచ్చే డబ్బులో మంచి వాటా కూడా ఖాయం. మొత్తం 36 ఉన్నాయి. అవి ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి హాజరునే కొలతగా పెట్టుకున్నారు. అంతకు ముందు మూడేళ్లూ అన్ని రేసులకూ వచ్చినవాళ్లకే ఇచ్చారు. దాంతో 1950 నుంచి ఈ ఆటలో ఉన్న వుడ్ బ్రదర్స్ జట్టుకు ఒక్కటీ రాలేదు. ఇప్పటికీ నడుస్తున్న జట్లలో అన్నిటికంటే పాతది అదే.

ఆ కొలత తప్పని నా అభిప్రాయం. కారణం తెలియాలంటే ఈ కుటుంబం ఎలా పెరిగిందో చూడాలి.

వర్జీనియాలో బ్లూ రిడ్జ్ కొండల పక్కన స్టువర్ట్ అనే చిన్న ఊరుంది. గ్లెన్ వుడ్ అక్కడ సామిల్లు నడిపేవాడు, అందుకే అభిమానులు అతన్ని ‘వుడ్‌చాపర్’ అనేవారు. తనవాళ్లతో కలిసి 1938 నాటి ఫోర్డ్ కారు ఒకటి కొని రేసులకు తయారు చేసుకున్నాడు. మొదటి రేసు అయ్యాక దాన్ని ఇంటికి లాక్కొస్తుంటే దారిలోనే మంటలంటుకున్నాయి. అయినా మానలేదు, మళ్లీ కట్టుకుని మళ్లీ దిగారు.

వాళ్లు దిగింది షార్ట్ ట్రాకుల మీద. చుట్టుకొలత మైలు కూడా ఉండని ట్రాకులను ఇక్కడ అలా అంటారు. నార్త్ కరోలినాలో విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే స్టేడియం అయితే మరీ చిన్నది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ వేసిన పావు మైలు రోడ్డు అది. కారు వేగం అందుకునేలోపే మలుపు వచ్చేస్తుంది. ముందున్నవాణ్ణి తగలకుండా దాటడం దాదాపు అసాధ్యం. ప్రేక్షకులు ఎంత దగ్గరగా కూర్చుంటారంటే డ్రైవరు కోపం వాళ్లకు కనిపిస్తుంది. కప్ స్థాయిలో గ్లెన్ గెలిచిన రేసులు నాలుగు, నాలుగూ ఇక్కడివే. షార్లెట్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఇది గంటన్నర లోపు దూరం. వేసవి శనివారాల్లో ఇప్పటికీ రేసులు జరుగుతున్నాయి, పిల్లల్ని తీసుకుని ఒక్కసారైనా వెళ్లండి. టీవీలో డేటోనా లాంటి పెద్ద ట్రాక్ రేసు చూస్తే కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది: తండ్రి కారు నడుపుతుంటే కొడుకు టైర్లు చూసుకుంటాడు, అన్నదమ్ములు ఇంజిన్ మీద వంగి మాట్లాడుకుంటుంటారు.

వుడ్ సోదరులకు అసలు పేరు తెచ్చింది మాత్రం రేసు మధ్యలో కారు ఆగినప్పుడు చేసే పని. ఆ రోజుల్లో పిట్ స్టాప్ అంటే ఎవరికీ తొందర ఉండేది కాదు. టైర్లు మార్చి పెట్రోలు పోసి పంపేసరికి నిమిషం పైనే పట్టేది. గ్లెన్ తమ్ముడు లెనార్డ్ ఆ నిమిషాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి చూశాడు. ట్రాక్ మీద ప్రాణాలకు తెగించి సంపాదించిన సెకన్లన్నీ ఇక్కడ ఊరికే పోతున్నాయని గమనించాడు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఏ వైపు నుంచి పరిగెత్తాలి, ఏ చక్రం ముందు విప్పాలి అన్నీ నిర్ణయించాడు. జాకీని సొంతంగా మార్చుకున్నారు, తక్కువ సార్లు నొక్కినా కారు లేచేలా చేశారు. ఆ జాకీ పట్టింది ఇంకో సోదరుడు డెలానో. ఏళ్ల తరబడి అదే మనిషి అదే పని చేశాడు. బయటి నుంచి జీతానికి తెచ్చుకున్న జట్టయితే ఇంత ఓపిక ఉండేదా అని నాకు అనుమానం. ఎవరి చెయ్యి ఎప్పుడు కదులుతుందో చిన్నప్పటి నుంచి తెలిసిన అన్నదమ్ములు కాబట్టే ఇది సాధ్యమైంది.

1965లో ఫోర్డ్ కంపెనీ వాళ్లను నాస్కార్‌ది కాని ఇండియానాపొలిస్ 500 రేసుకు పంపింది. అక్కడి కార్లు వేరు, పద్ధతులు వేరు. వాళ్లు చూసుకున్నది జిమ్ క్లార్క్ అనే డ్రైవరు నడిపిన లోటస్ కారు. అది ఆగింది రెండే సార్లు, ఆ రెండూ కలిపి 45 సెకన్ల లోపే ముగించారు. క్లార్క్ 200 ల్యాపుల్లో (చుట్లలో) 190 ల్యాపులు ముందుండి గెలిచాడు. ఈ రోజు ఏ రేసులో పిట్ స్టాప్ చూసినా అందులో లెనార్డ్ ఆలోచన ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత పేరు వచ్చాక కూడా వాళ్లు అన్ని రేసులకూ వెళ్లలేదు. తాము బాగా సిద్ధం కాగలిగిన రేసులే ఎంచుకుని, 21వ నంబరు కారు ఒక్కటే తీసుకువెళ్లేవారు. 1973లో డేవిడ్ పియర్సన్ అనే డ్రైవరు వాళ్ల కారులో 18 రేసులే నడిపి 11 గెలిచాడు. ఆ ఏడాది సిరీస్‌లో ఉన్నవి 28 రేసులు. 1976లో ఇదే జోడీ డేటోనా 500, వరల్డ్ 600, సదరన్ 500 అనే పెద్ద రేసులు మూడూ గెలిచింది. 2016 నాటి హాజరు లెక్కను 1973కు పెట్టి చూడండి. పోటీ చేసినవాటిలో సగానికి పైగా గెలిచిన జట్టుకు కూడా చార్టర్ దక్కదు!

పెద్దదవ్వాలని ఒకసారి ప్రయత్నించారు. 2006లో ఇంకో జట్టుతో కలిశారు, మిగతా సిరీసుల్లోనూ కార్లు పెట్టారు. 2008 చివరికి విడిపోయారు. స్పాన్సర్లు తగ్గారు, ఖర్చులు పెరిగాయి. అప్పుడు మళ్లీ పాత పద్ధతికే వచ్చారు, ఒక్క కారు, ఎంచుకున్న రేసులు. 2011లో ట్రెవర్ బెయిన్ అనే కుర్రాడికి డేటోనా 500లో ఆ కారు ఇచ్చారు. ముందు రోజే అతనికి 20 ఏళ్లు నిండాయి. గెలిచాడు. ఆ ఏడాది వాళ్లు వెళ్లింది దాదాపు సగం రేసులకే.

మనవాళ్ల ఫంక్షన్లలో ఎవరైనా రెస్టారెంటో, గ్యాస్ స్టేషనో, కన్సల్టెన్సీయో పెట్టారంటే ముందు అడిగే ప్రశ్న ‘రెండోది ఎప్పుడు?’ అనే. ఆ ప్రశ్నకు భయపడి, ఉన్నదాన్ని కుదుటపరచుకోకుండానే రెండోది తెరిచి, నిద్ర పట్టని టెన్షన్‌తో రెండూ పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. వుడ్ కుటుంబం ఇప్పుడు మూడో తరంలో ఉంది. గ్లెన్ పిల్లలు ఎడ్డీ, లెన్, కిమ్ నడిపారు, ఇప్పుడు మనవడు జాన్ ముందున్నాడు. కార్ల సంఖ్య పెరగలేదు కానీ జట్టు నిలబడింది. దీన్ని ఎదుగుదల కాదని ఎవరంటారు?

నాస్కార్ వైపు కూడా న్యాయం ఉంది. టికెట్ కొన్నవాడికి, టీవీ కంపెనీకి ఫలానా కార్లు కచ్చితంగా వస్తాయని మాట ఇవ్వాలి కదా. పైగా వుడ్ బ్రదర్స్ ఇప్పుడు పూర్తిగా సొంత కాళ్ల మీద లేరు. 2015 నుంచి పెన్స్కే జట్టుతో సాంకేతిక ఒప్పందం ఉంది, అది లేకపోతే నిలబడటం కష్టం. 2016 నుంచి వాళ్లూ అన్ని రేసులకూ వెళ్తున్నారు. 2024 ఆగస్టులో డేటోనాలో హారిసన్ బర్టన్ వాళ్లకు నూరో గెలుపు తెచ్చాడు. మరుసటి మార్చిలో లాస్ వేగస్‌లో జాష్ బెర్రీ 101వది తెచ్చాడు. ఒకప్పుడు టెనెస్సీలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ షార్ట్ ట్రాకుల మీద నడిపిన మనిషి బెర్రీ. అంటే ఆ చిన్న ట్రాకుల నుంచి డ్రైవర్లు ఇంకా పైకి వస్తున్నారు.

జట్లు మాత్రం రావడం లేదు. 2023లో ఒక చార్టర్ దాదాపు 4 కోట్ల డాలర్లకు చేతులు మారిందని పత్రికలు రాశాయి. సామిల్లు నడుపుకునే అన్నదమ్ములు అంత డబ్బు ఎక్కడ తెస్తారు? రేసులో మామూలుగా 40 కార్ల వరకు చోటుంది, చార్టర్లు పోగా నాలుగు మిగులుతాయి. వాటిలో ఒకదాన్ని ఏడాదికి కొన్ని రేసులకైనా షార్ట్ ట్రాక్ కుటుంబ జట్లకు కేటాయించాలి, ఖర్చులకు సరిపడే ప్రైజ్ మనీతో సహా. ఎవరికి ఇవ్వాలో హాజరు చూసి కాదు, ట్రాక్ మీద ఫలితం చూసి తేల్చాలి. నాస్కార్‌ను 1948 నుంచి నడుపుతున్నదీ ఒక కుటుంబమే. ఫ్రాన్స్ అనే ఇంటిపేరున్న ఆ కుటుంబపు మూలపురుషుడు బిల్ ఫ్రాన్స్ 1949లో బౌమన్ గ్రేలో రేసులు మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. ఈ మార్పు వాళ్లే తేవాలి.