బ్రాడీపేట 140/90

గుంటూరులో పుట్టి పెరిగిన వాడికి ఒక గీత గీసి, అటొక అంకె ఇటొక అంకె వేసి చూపిస్తే ముందుగా తోచేది చిరునామాయే. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ రెండు అంకెలు తెలిసిన వాడు బ్రాడీపేటలో ఎవరినీ దారి అడగనక్కరలేదు. అటువంటి ఊళ్లో రక్తపోటు కొలిచే యంత్రాలు ఇంటింటికీ రావడం, వచ్చీ రాగానే 140/90 అని చూపించడం, దానిని మేము వీధిలో కొత్తగా దిగిన అద్దెవాళ్ల చిరునామాలాగా ఏ కంగారూ లేకుండా స్వీకరించడం సహజంగానే జరిగిపోయాయి. ఒకప్పుడు శంకర్ విలాస్ సెంటర్లో పాత స్నేహితుడు కనిపిస్తే ఎక్కడ ఉంటున్నావని అడిగేవాళ్లం. ఇప్పుడు ఎంతలో ఉంటున్నావని అడుగుతున్నాం.

ఈ గృహవైద్య పరికరాల వల్ల జనంలో లేనిపోని భయాలు పెరిగాయని వాదించే వారు కొందరున్నారు. వారు మా ఊరు వచ్చి చూడలేదని నా అనుమానం. పదేళ్లుగా బంధుమిత్రుల ఇళ్లలో, పెళ్లిళ్లలో, పేరంటాలలో ఈ విషయాన్ని శ్రద్ధగా గమనించిన మీదట నేను గ్రహించినది వేరు. గుంటూరు వాడు ఈ యంత్రాన్ని కొన్నది జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి కాదు, మాగాయకూ, గోంగూరకూ, రెండో విడత నేతికీ అనుమతి పత్రం పొందడానికి. ఆ పత్రం పూర్వం డాక్టరుగారు ఇవ్వాలి, ఆయన ఎప్పుడూ ఇవ్వరు. యంత్రం మొహమాటస్తురాలు, నాలుగుసార్లు అడిగితే ఒకసారైనా ఇస్తుంది.

మా బావగారి సంగతే చెబుతాను. ఆయన ఆడిట్ శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇతరుల లెక్కల మీద అభ్యంతరాలు రాయడంలో ఆయనకు జిల్లాలో సాటి లేదని చెప్పుకునేవారు. అంతటి వారి చేతికి కొడుకు హైదరాబాదు నుంచి బీపీ యంత్రం పంపించాడు. దానితోపాటు వచ్చిన కరపత్రంలో, కొలిచే ముందు ఐదు నిమిషాలు ఊరక కూర్చోవాలనీ, వీపుకు ఆనుడు ఉండాలనీ, పాదాలు నేలకు ఆనాలనీ, పట్టీ చొక్కా మీద కాక వట్టి చేతికి చుట్టాలనీ, చెయ్యి గుండె ఎత్తున ఉండాలనీ, మాట్లాడకూడదనీ, అంతకు ముందు అరగంటలో కాఫీ తాగి ఉండకూడదనీ ఉంది. ఆ కరపత్రం ప్రస్తుతం అలమారాలో చీరల కింద పరచి ఉంది.

సాయంత్రం ఏడు గంటలకు హాల్లో తంతు మొదలవుతుంది. టీవీలో నలుగురు పెద్దమనుషులు ఒకేసారి మాట్లాడుతుంటారు. బావగారు సోఫాలో కాలు మీద కాలు వేసుకుని, చొక్కా మీదనే పట్టీ చుట్టించుకుని, రెండో చేత కాఫీ గ్లాసు పట్టుకుని, టీవీలోని నలుగురికీ తాను ఐదోవారుగా సమాధానం చెబుతూ ఉంటారు. పట్టీలోకి బుస్సుమని గాలి ఎక్కుతుంది, దిగుతుంది. 158/96. బావగారు కళ్లజోడు సవరించుకుని అభ్యంతరం లేవనెత్తుతారు: టీవీ శబ్దం ఎక్కువగా ఉన్నది. ఆడిట్ భాషలో ఆ పారా డ్రాప్, అంటే ఆ అంకె కొట్టివేత. రెండోసారి 152/94. కాఫీ తాగిన మాట వాస్తవం కనుక అదీ డ్రాప్. మూడోసారి 147/92. ఆ సమయంలో మా అక్క వంటింట్లోంచి కరెంటు బిల్లు ప్రస్తావన తెచ్చింది కనుక అది బయటి వారి జోక్యం. నాలుగోసారి బావగారు ఫోనులో కొడుకుతో ఇంటిపన్ను గురించి గట్టిగా మాట్లాడుతూ, కాలు మీద కాలు తీయకుండానే కొలిపించుకుంటారు. 138/84. అభ్యంతరాలు లేవు. ఆమోదించడమైనది.

కరపత్రంలోని నియమాలన్నీ ఆయనకు తెలుసునని, కేవలం ఎక్కువ అంకె వచ్చినప్పుడే అవి గుర్తుకు వస్తాయని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు. వరుసగా కొలిస్తే మొదటి అంకె సాధారణంగా ఎక్కువగానే వస్తుంది. అందుకే వైద్యులు రెండు మూడు సార్లు కొలిచి సగటు తీయమంటారు. బావగారికి సగటు మీద గురి లేదు. ప్రభుత్వ సర్వీసులో నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఆయన అతి తక్కువ కొటేషనుకే టెండరు ఖాయం చేస్తారు. పైగా ఐరోపా వైద్యుల లెక్కలో ఎక్కువ రక్తపోటుకు హద్దు ఆసుపత్రిలో 140/90 అయితే, ఇంట్లో కొలుచుకున్నప్పుడు 135/85. ఆ లెక్కన ఆయన ఆమోదించిన 138 కూడా హద్దు దాటినదే. ఈ సంగతి ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను చెప్పదలచుకోలేదు, ఆ ఇంట్లో నాకు భోజనం ఉంది.

యంత్రం తప్పు కూడా బొత్తిగా లేదనలేము. 1896లో ఇటలీలో రివా రోచి అనే వైద్యుడు చేతికి పట్టీ కట్టి పాదరసంతో కొలిచే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యాలో కొరోట్కాఫ్ ఆ పట్టీ దిగువన స్టెతస్కోపు పెట్టి, నెత్తురు తిరిగి పారేటప్పుడు వినిపించే చప్పుళ్లను బట్టి పై అంకె, కింది అంకె చెప్పడం నేర్పాడు. మన ఇళ్లలోని బ్యాటరీ యంత్రానికి చెవులు లేవు. పట్టీలో గాలి వణికే తీరును మాత్రమే అది పసిగట్టి, ఆ వణుకు ఎక్కడ ఎక్కువగా ఉన్నదో చూసుకుని, పై అంకెనూ కింది అంకెనూ లెక్క కట్టి చెబుతుంది. ఆ లెక్క కట్టే సూత్రం కంపెనీకొక రకం, ఏ కంపెనీ దానిని బయటపెట్టదు. ఇతరుల లెక్కలకు ఓచర్లు అడిగిన మా బావగారు, ఓచరు లేని ఈ లెక్క దగ్గర మాత్రం ఏనాడూ ఓచరు అడగలేదు.

138 వచ్చిన రాత్రి మాగాయ జాడీ అటక దిగుతుంది. మనిషికి రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ సంస్థ వారు మాగాయ ముక్కను విడిగా తూచి ఉండరు.

రక్తపోటు యంత్రం వచ్చిన ఇంటికి చక్కెర యంత్రం ఆడపడుచులాగా వెనకనే వస్తుంది. 1970ల తొలినాళ్లలో అమెరికాలో వచ్చిన మొదటి గ్లూకోమీటరు కిలో పైచిలుకు బరువు ఉండేదట. ఇప్పుడది అగ్గిపెట్టెకు అన్నలాగా ఉంటుంది, మందుల దుకాణం వాడు దాదాపు ఊరికే ఇస్తాడు, ఆ తరువాత స్ట్రిప్పుల రూపంలో జీవితాంతం అద్దె వసూలు చేసుకుంటాడు. స్ట్రిప్పు ధర తెలిసిన మధ్యతరగతి ఇల్లాలు ఆ డబ్బాను జీడిపప్పు డబ్బా వెనక దాచడం నేను చూశాను.

మొన్న మే నెలలో బావగారు మనవడికి బంగినపల్లి మామిడికాయ తొక్క తీసి, ముక్కలు కోసి ఇచ్చి, లుంగీకి చెయ్యి తుడుచుకుని, అదే వేలిని గుచ్చుకున్నారు. 312. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. టీవీ ఎవరు కట్టేశారో తెలియదు. అక్క దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. నేను ఎక్కడో చదివినది గుర్తుకు వచ్చి, సబ్బుతో చెయ్యి కడిగించి మళ్లీ గుచ్చమన్నాను. 164. ఇందులో మహిమ ఏమీ లేదు. స్ట్రిప్పు మీది ఎంజైముకు గ్లూకోజు నెత్తురులోదా, మామిడి రసంలోదా అనే పట్టింపు ఉండదు. పండ్ల తొక్క తీసిన వేళ్లతో కొలిస్తే అంకె దొంగగా పెరుగుతుందని, స్పిరిటు దూదితో తుడిచినా అది పోదని, కుళాయి కింద కడిగితేనే పోతుందని జపాను పరిశోధకులు 2011లోనే చూపించారు.

ఆ రోజు నేను చేసిన ఉపకారానికి ఈ రోజుకీ పశ్చాత్తాపపడుతున్నాను. అది మొదలు బావగారికి ఏ అంకె ఎక్కువగా వచ్చినా తప్పు నెత్తురుది కాదు, వేలిది. సున్నుండ తిన్న రోజున కూడా వేలే దోషి. దీనికి తోడు, ఇంటి గ్లూకోమీటరు నూటికి పైబడిన అంకెలలో ప్రయోగశాల ఫలితానికి పదిహేను శాతం అటూ ఇటూ పలికినా అంతర్జాతీయ ప్రమాణం దానిని తప్పు పట్టదని ఆయనకు తెలిసిపోయింది. అసలు 200 ఉంటే యంత్రం 170 అన్నా నిజాయితీపరురాలే, 230 అన్నా నిజాయితీపరురాలే. ఆ పదిహేను శాతం ఖాళీ స్థలంలో మా బావగారు ఇల్లు కట్టుకుని కాపురం ఉంటున్నారు. అటు పక్క పదిహేను శాతం కూడా తమదేనన్న స్పృహ ఆయనకు లేదు.

ఇక అడుగులు లెక్కపెట్టే చేతి గడియారాల సంగతి. బృందావన్ గార్డెన్స్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో తెల్లవారుజామున నడిచే వారిలో ఇప్పుడు ఎదుటి మనిషిని చూసి నడిచే వారు తక్కువ, మణికట్టు చూసుకుని నడిచే వారు ఎక్కువ. అందరి లక్ష్యమూ పదివేల అడుగులు. ఈ పదివేలు ఏ వైద్య పరిషత్తో నిర్ణయించినది కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరు మాంపో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. బ్రాండు పేరే శాస్త్రమై కూర్చుంది. మన అదృష్టం బాగుండి వారు లక్ష అడుగుల మీటరు అమ్మలేదు, లేకపోతే మా వాకర్లు మంగళగిరి మీదుగా బెజవాడ వెళ్లి వచ్చేవారు.

గడియారం నిజానికి అడుగులు లెక్కపెట్టదు, చెయ్యి ఊగడాన్ని లెక్కపెడుతుంది. ఈ సూక్ష్మం మొదట కనిపెట్టినది మా వీధి భజన బృందం. శనివారం సాయంత్రం చాప మీద కూర్చుని గంటన్నర పాటు తాళం వేసిన ఒక పెద్దావిడ గడియారం, ఆమె రెండు వేల మూడు వందల అడుగులు నడిచినట్లు ప్రకటించింది. స్వామి వద్దకు ఆమె అంత దూరం నడిచి వెళ్లిందని బృందమంతా చేతులు జోడించారు. అదే వారం నేను మా వీధికి కూరగాయలు తెచ్చే తోపుడుబండి అతని మణికట్టుకు నా గడియారం కట్టి పంపాను. ఉదయం ఆరింటికి బయలుదేరి, అరండల్‌పేట లైన్లన్నీ తిరిగి, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు. నాలుగు వందల పై చిల్లర. రెండు చేతులూ బండి కడ్డీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి కదా, ఊగలేదు, కనుక అతను నడవలేదు. పైగా ఆ గడియారం మధ్యలో మూడుసార్లు అతన్ని లేచి కాస్త తిరగమని హెచ్చరించిందట. “బాబుగారూ, ఇది ఎవరిని లేవమంటోందండీ?” అని అడిగాడు. నేను దోసకాయలు ఏరుకున్నాను.

శరీరంలోని కొవ్వు చెప్పే తూకం యంత్రాల గురించి ఎక్కువ చెప్పను. అరికాళ్ల గుండా చిన్నపాటి కరెంటు పంపి, అది ఎంత తేలికగా పారిందన్న దానిని బట్టి కొవ్వు ఎంతో ఊహించే పరికరం అది. మంచినీళ్లు తాగితే ఒక లెక్క, తాగకపోతే ఒక లెక్క. మా పక్కింటి లెక్చరరుగారికి దాని ప్రకారం శరీర వయస్సు అరవై ఏడు. ఆయనకు యాభై రెండు. పింఛను ఎప్పటి నుంచి ఇస్తారో కూడా చెబితే బాగుండునని ఆయన కోరిక.

ఆక్సీమీటరును మాత్రం వెక్కిరించడానికి నాకు మనసు రాదు. 1974లో జపానులో తకువో అవోయాగి అనే ఇంజనీరు లోకానికి వెల్లడించిన కిటుకు అది: ఎర్ర కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, నెత్తురు దేనిని ఎంత మింగిందో చూసి ప్రాణవాయువు శాతం చెప్పడం. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా అంకె తారుమారవుతుంది, నల్లని చర్మం ఉన్నవారికి ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే గుణమూ ఉంది. అయినా 2021 వేసవిలో కొత్తపేట మందుల దుకాణాల ముందు దాని కోసం నిలబడిన వరుసలో నేనూ ఉన్నాను, అడిగినంత ఇచ్చాను. ఆ జూలైలో కేంద్రప్రభుత్వం ఆక్సీమీటరు, బీపీ యంత్రం, గ్లూకోమీటరు, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరు, ఈ ఐదింటి మీద వ్యాపారుల మార్జిను డెబ్బై శాతం మించరాదని కట్టడి చేసింది. అప్పటికే నాది కొనడమూ, వాడడమూ అయిపోయాయి. ఇప్పుడది సొరుగులో రబ్బరు బ్యాండ్ల మధ్య, బ్యాటరీ కారి పచ్చగా తుప్పు పట్టి ఉంది. పారేయబుద్ధి కాదు.

మళ్లీ బావగారి దగ్గరకు వద్దాం. ఆమోదించిన అంకెలన్నింటినీ ఆయన ఒక పొడుగు పుస్తకంలో ఎక్కించేవారు. తేదీ, వేళ, పై అంకె, కింది అంకె, చివరన రిమార్కుల గడి. రిమార్కులలో ప్రతి రోజూ ఒకటే మాట: సంతృప్తికరం. కిందటి నెల కొత్తపేటలో తమ డాక్టరుగారి దగ్గరకు ఆ పుస్తకం పట్టుకుని వెళ్లారు. అక్కతోపాటు నేనూ వెళ్లాను. డాక్టరుగారు పుస్తకం తిరగేసి, ఇన్ని అంకెలు ఇంత చక్కగా ఒకే వరుసలో ఉండడం తమ సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, చొక్కా చెయ్యి పైకి మడిపించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, తామే కొలిచారు. 164/98.

“ఇది తెల్లకోటు రక్తపోటు డాక్టరుగారూ, మిమ్మల్ని చూస్తే వచ్చేది. ఇంటికి వెళితే ఉండదు,” అన్నారు బావగారు. అటువంటిది ఒకటి ఉన్న మాట నిజమే కనుక డాక్టరుగారు కాసేపు ఆలోచనలో పడ్డారు.

అప్పుడు మా అక్క చేతిసంచి తెరిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. వంటింటి గోడ మీది క్యాలెండరు నుంచి చింపిన, అంతకు ముందు నెల కాగితం అది. ప్రతి తేదీ గడిలోనూ ఏకాదశికీ వర్జ్యానికీ మధ్య మిగిలిన జాగాలో పెన్సిలుతో ఆ రోజు వచ్చిన పాల ప్యాకెట్ల సంఖ్య, దాని కింద మరో అంకె ఉన్నాయి. 3, 158. 3, 161. 3, 155. టీవీ శబ్దానికీ, కాఫీకీ, కరెంటు బిల్లుకూ డ్రాప్ అయిపోయిన మొదటి పారాలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. నెల రోజులుగా ఆమె ప్రతి సాయంత్రం మొదటి అంకెను, ఎవరితోనూ ఏమీ అనకుండా, పాల లెక్కతోపాటు వేసుకుంటూ వచ్చింది.

బావగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. డాక్టరుగారు ఒకటో తారీఖు నుంచి వేలు పెట్టి చదువుకుంటూ పోయి, మాత్ర మార్చి రాసి, మళ్లీ వెనక్కు వచ్చి ఒక గడి దగ్గర ఆగారు.

“పదకొండో తారీఖున పాలు ఆరు ప్యాకెట్లు ఉన్నాయేమమ్మా?”

“ఆ రోజు ఈయనకు నాలుగోసారి 126 వచ్చిందండీ,” అంది మా అక్క. “పరమాన్నం చేశాను.”